వెగటు పుట్టిన చోటు

మొన్న మధ్యాహ్నం ఒక పిల్ల వచ్చింది. డిచ్‌పల్లి యూనివర్సిటీలో చదువుతుందట. నిజామాబాద్ గంజు మార్కెట్ దగ్గర ఆటో దిగి, పసుపు ఘాటుకు తుమ్ముకుంటూ, వాళ్ళనూ వీళ్ళనూ అడుగుతూ నా ఇల్లు పట్టుకుంది. మన జిల్లా మాటలు పోగుచేస్తున్నదట. కోపానికి మీ దగ్గర ఏమంటరు, కుళ్ళుకు ఏమంటరు, అసహ్యానికి ఏమంటరు అని ఊరూరా తిరిగి ముసలివాళ్ళను అడగడం ఆమె పని. నేను బతుకంతా బడిలో తెలుగు చెప్పినదాన్ని కాబట్టి నన్ను అడిగితే పని తేలికవుతుందని ఎవరో పంపించారు. ఛాయ్ పెట్టి ఇచ్చాను. ఒక గుక్క తాగి మొహం అదోలా పెట్టింది. "అమ్మా, మీకు షుగర్ ఉందా?" అని మెల్లగా అడిగింది. "షుగర్ గిగర్ ఏం లేదు బిడ్డా, మా ఇంట్ల తీపి తాగే అలవాటు లేదు" అని చక్కెర డబ్బా ఆమె ముందు పెట్టాను. బోధన్ చెరుకు నేల మీద పెరిగిన మనిషి ఇట్లా అనేసరికి ఆమెకు నవ్వొచ్చింది. నవ్వనీ, నవ్వే వయసు.

చివరికి ఆమె అడిగిన మాట ఎగటు. "ఎగటు పుట్టింది అంటరు గదమ్మా, దానికి సరైన అర్థం ఏంది? అసలు ఆ మాట ఎక్కడినుంచి వచ్చింది?" పుస్తకాల్లో వెగటు, మా నోళ్ళలో ఎగటు. నేను పంతులమ్మలాగానే జవాబు చెప్పాను. రోత బురదను చూస్తే పుడుతుంది. పగ దెబ్బ తింటే పుడుతుంది. గిట్టకపోవడానికి కారణమే అక్కర్లేదు, కొందరి మొహం పొద్దున్నే చూస్తే చాలు గిట్టదు. వెగటు అట్లా కాదు, దానికి ముందు ఇష్టం ఉండాలి. నోటికి ఇష్టమైనదాన్ని ఇక వద్దనేదాకా కుక్కితే పుట్టేది వెగటు. ఇష్టం లేనిదాని మీద అది పుట్టదు. నిఘంటువు తీస్తే ఆ మాట పక్కన చిన్నగా 'దే' అని ఉంటుంది. దేశ్యం. అంటే సంస్కృతం నుంచి రాలేదు, ఉర్దూ నుంచి రాలేదు, ఈ మట్టిలోనే పుట్టింది. మట్టిలో ఎక్కడ, ఎవరింట్లో అని మాత్రం ఏ పండితుడూ రాయలేదు. ఆ పిల్ల ఇదంతా రాసుకుని, దండం పెట్టి పోయింది. నేను ఆమెకు చెప్పింది సగమే. ఆ మాట నా వరకు ఎక్కడ పుట్టిందో నాకు బాగా తెలుసు. మా బాపు, అంటే మా నాన్న, పనిచేసిన బెల్లం గానుగలో పుట్టింది, మా అక్క గొంతులో స్థిరపడింది. అక్క పోయి ఏడాదైంది. ఆమె ఉండగా ఈ మాట ఎత్తితే లేచి వెళ్ళిపోయేది. ఇక చెప్పినా లేచిపోయేవాళ్ళు లేరు.

బోధన్ పోయే రోడ్డు మీద, చెరుకు తోటల నడుమ, ఒక సేఠ్ గారి గానుగ ఉండేది. దానికి మా బాపు మేస్త్రి. దావీదు మేస్త్రి అంటే చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు. కాలువ నీళ్ళు పారే నేల, ఎటు చూసినా చెరుకే. దూరంగా బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ భోంగ కూస్తే మా అవ్వ, అంటే మా అమ్మ, పొయ్యి మీద ఎసరు పెట్టేది. ఆ భోంగే మాకు గడియారం. చలికాలం వచ్చిందంటే గానుగ మొదలు. ఎండిన చెరుకు పిప్పి పొయ్యిలో భగభగ మండుతుంటే, మనిషి పడుకునేంత ఇనుప పెనంలో రసం కుతకుతలాడేది. పైన తేలిన మడ్డిని బాపు పొడుగాటి గరిటెతో తీసిపారేసేవాడు. పాకం వచ్చిందా లేదా అని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక చుక్క పట్టి సాగదీసి చూసేవాడు. ఆయన వేళ్ళు ఎప్పుడూ అట్లాగే, రెండూ కలిసే ఉండేవి. అన్నం తినేటప్పుడూ, ప్రార్థన చేసేటప్పుడూ, నిద్రలో కూడా. ఇంటికొస్తే ఆయన చొక్కా గట్టిగా అట్టలాగా నిలబడేది. అవ్వ దాన్ని గోడకు తగిలించదు, వాకిట్లో దండెం మీద వేసి, దండెం కట్టిన రెండు గుంజల మొదట్లో పసుపు చల్లేది. అయినా చీమలు బారు కట్టి వచ్చేవి. మా ఇంట్లో మనుషుల కన్నా చీమలు ముందు లేచేవి. మంచంలో, గిన్నెల్లో, నా తలలో కూడా ఆ కాగిన రసం వాసనే. దారిన పోయేవాళ్ళు ముక్కు ఎగబీల్చి "అబ్బ, ఏం వాసన!" అని లొట్టలు వేసేవాళ్ళు. వాళ్ళు దారిన పోయేవాళ్ళు, మేము అందులో ఉండేవాళ్ళం.

మా బాపు కొట్టడు, తిట్టడు. అది ముందే చెప్పాలి, ఎందుకంటే ఊరంతా చెప్పేది అదే. "దావీదు మేస్త్రి దేవునసోంటి మనిషి. పురుగుకు సుత చెయ్యి ఎత్తడు." ఆదివారం తెల్ల ధోతి కట్టి, తలకు నూనె రాసుకుని, చర్చిలో ముందు వరుసలో కూర్చునేవాడు. కూలీలను కూడా ఏనాడూ ఒక మాట అనలేదు. గానుగలో బెల్లం దొంగతనం ఉండేది కాదు. పక్క గానుగల్లో కాపలాలు పెట్టేవారు, సంచులు తడిమేవారు. మా బాపుకు అవేవీ అక్కర్లేదు. ఆయనకు వేరే పద్ధతి ఉండేది. కొత్తగా పనికి వచ్చినవాణ్ణి మొదటి రోజు పని చేయనిచ్చేవాడు కాదు. అరుగు మీద కూర్చోబెట్టి, మోదుగాకు పరిచి, వేడివేడి బెల్లం కుప్ప పోసేవాడు. "తిను కొడుకా, నీ ఇష్టమున్నంత తిను. ఎవ్వరు అడ్డం రారు" అనేవాడు. పేదవాళ్ళు, తీపి ఎరగని నోళ్ళు, సంబరంగా తినేవాళ్ళు. ఆకు ఖాళీ అయితే మళ్ళీ పోసేవాడు. నవ్వుతూ పోసేవాడు. వాడు తల అడ్డంగా ఊపినా వినడు, చేయి అడ్డం పెట్టినా వినడు. నోటితో సాలు అనాలి. అందరికీ వినబడేట్టు "సాలు మేస్త్రీ" అనాలి. దెగ్లూరు వైపు నుంచి వచ్చిన ఒకతను కండ్ల నీళ్ళు పెట్టుకుని "పురే, పురే" అని, అంటే సాలు సాలు అని, మరాఠీలో మొత్తుకుంటే, అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. అతను సాలు అన్న తర్వాత బాపు రుమాలు కొంగులోంచి చిటికెడు ఉప్పు తీసి, రెండు వేళ్ళతో అతని నాలుక మీద పెట్టి, "మంచిగైంది. ఇగ నువ్వు మనోనివి" అని వీపు తట్టాడు. ఆ తర్వాత జన్మలో ఆ మనిషి బెల్లం ముట్టడు. దీన్నే మా దగ్గర ఎగటు పెట్టుడు అనేవాళ్ళు. నాకు తెలిసినంతవరకు ఆ మాటకు అర్థమూ అదే, పుట్టుకా అదే.

మంచి ఉపాయమే అని మీకు అనిపించవచ్చు. బెల్లం వరకు మంచిదే. కానీ ఒక పని సాగితే మనిషికి దాని మీద నమ్మకం పెరుగుతుంది. బాపుకు అది పద్ధతి కాదు, మతం లాగా అయిపోయింది. మనుషులకున్న ఏ కోరికైనా అడ్డం పెడితే పెరుగుతుంది, కుక్కి పెడితే చస్తుంది అని ఆయన సిద్ధాంతం. ఇంట్లో కూడా అదే. మా అవ్వకు తల్లిగారి ఊరు ముప్కాల్ పక్కన. ఆమెకు అక్కడికి పోవాలంటే ప్రాణం. పండక్కు పోతానని, తమ్ముని కొడుకును చూసి వస్తానని ఎప్పుడూ అడిగేది. ఒకసారి బాపు నవ్వి, "పో, నీకు ఇష్టమున్నన్ని దినాలు ఉండు" అని పంపాడు. మళ్ళీ తీసుకురావడానికి పోలేదు. కబురు పెడితే "ఉండనియ్యురి, ఆమెకు అక్కడ మంచిగుంటది" అన్నాడు. వానలు మొదలై, వానలు అయిపోయినా పోలేదు. మరదలి మొహం మాడింది. తమ్ముడు పలకడం మానేశాడు. పెనిమిటి ఇడిచిపెట్టిండట అని ఊళ్ళో మాట పుట్టింది. చివరికి అవ్వే మూట నెత్తిన పెట్టుకుని ఒక్కతే వచ్చింది. బాపు గుమ్మంలో నిలబడి, "ఏం, సాలైందా?" అన్నాడు. "సాలైంది" అన్నది అవ్వ. ఆమె చచ్చిపోయేదాకా తల్లిగారి ఊరు పేరు ఎత్తలేదు. ఆమె తల్లి పోతే కూడా వీధి నుంచే చూసి వచ్చింది. చూశారా, కొట్టలేదు. ఒక్క మాట కూడా అనలేదు. తేనె పూసిన కత్తి అంటారే, మా ఇంట్లో తేనె ఎక్కువ, కత్తి కనబడేది కాదు.

మా అక్క పేరు ఎస్తేరు. నాకన్నా ఏడెనిమిదేళ్ళు పెద్దది. నన్ను చంకనేసుకుని పెంచింది ఆమే. ఆమెకు పాట ఊపిరి లాంటిది అని రాస్తే ఏదో పుస్తకం మాటలా ఉంటుంది గానీ, ఆమెకు అది ఊపిరి కన్నా కాస్త ఎక్కువే. బాయి దగ్గర చేద తోడుతూ పాడేది, జొన్నరొట్టె చరుస్తూ ఆ చప్పుడుకే పాడేది, నా తలలో పేలు చూస్తూ పాడేది. చర్చి కీర్తనలు సరే, బతుకమ్మ నాడు పక్క వాడలో ఆడవాళ్ళు పాడిన పాటలు, రోడ్డు మీది హోటల్ రేడియోలో దారిన పోతూ విన్న పాటలు, అన్నీ ఒక్కసారి వింటే వచ్చేవి. మాటలు రాకపోతే తనే కలిపేది. చర్చిలో అయ్యగారు కీర్తన పేరు చెప్పగానే అందరూ అక్క వైపు తిరిగేవాళ్ళు, ఆమె ఎత్తుకుంటే గానీ ఎవరూ నోరు విప్పేవాళ్ళు కారు. అవ్వ పొయ్యి ముందు కూర్చుని, "దీని నోరు పడ, రొట్టె మాడుతున్నదే" అని తిడుతూనే పాట అయిపోయేదాకా లేచేది కాదు.

ఒక క్రిస్మస్ ముందు నిజామాబాద్ నుంచి సలోమి టీచరమ్మ వచ్చింది. అమ్మాయిల బడిలో టీచరు, హాస్టల్ కూడా ఆమే చూసేది. చర్చిలో అక్క పాట విని, నేరుగా మా ఇంటికి నడిచి వచ్చింది. వాకిట్లో మంచం వేసి కూర్చోబెట్టాం. "మేస్త్రి గారూ, ఈ పిల్లను నాతో పంపండి. హాస్టల్‌లో ఉంటుంది, చదువుకుంటుంది, అక్కడ హార్మోనియం నేర్పే ఆయన ఉన్నాడు. గొంతు కుదిరితే హైదరాబాద్ రేడియోలో పిల్లల్ని పరీక్ష చేస్తారు, నేనే తీసుకుపోతాను" అన్నది. అక్క తలుపు వెనక నిలబడి నా చెయ్యి పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందంటే నేను అరవబోయాను. బాపు చాలాసేపు నేల చూశాడు. ఆయనకు ఇష్టం లేదని నాకు కూడా తెలిసిపోయింది. రేడియోలో పాడే పిల్లను ఎవడు చేసుకుంటాడు, ఊరు ఏమంటుంది, ఇంట్లో పని ఎవరు చేస్తారు, అన్నీ ఆ మొహంలో కదిలాయి. కానీ ఆయన ఎవరికీ వద్దని చెప్పే మనిషి కాదు, అందులోనూ చర్చి మనిషికి. తల ఎత్తి నవ్వాడు. "గంతకన్న ఏం గావాలె టీచరమ్మా. ఆమెకు ఇష్టముంటె తీస్కపోండ్రి. నేను అడ్డం రాను. ఆదివారం రండ్రి, ఆమెనే అడగండ్రి" అన్నాడు. టీచరమ్మ సంతోషంగా వెళ్ళిపోయింది. అక్క నన్ను ఎత్తుకుని ఇల్లంతా తిప్పింది. అవ్వ మాత్రం పొయ్యి దగ్గర కదలకుండా కూర్చుంది. ఆమెకు ఆ నవ్వు తెలుసు.

శనివారం పొద్దున బాపు అక్కను పిలిచాడు. "బిడ్డా, ఇయ్యాల గానుగకాడికి రా. మావోల్లందరు నీ పాట ఇంటమంటున్నరు. మళ్ళ పోతివంటె ఎప్పుడు ఇంటరో" అన్నాడు. అక్క మొహం వెలిగిపోయింది. బాపు ఎన్నడూ ఆమె పాట గురించి మంచీ చెడూ మాట్లాడలేదు. తల దువ్వుకుని, క్రిస్మస్‌కు దాచుకున్న రైక తొడుక్కుని, నన్ను వెంటబెట్టుకుని పోయింది. పెనం పక్కన మంచం వేసి ఉంది. ఆవిరి, పొగ, వేడి. బాపు ఆమెను మంచం మీద కూర్చోబెట్టాడు. "పాడు బిడ్డా, నీ ఇష్టమున్నంత పాడు. ఎవ్వరు అడ్డం రారు" అన్నాడు. ఆ మాటలు ఎక్కడ విన్నానో నాకు అప్పుడు తట్టలేదు. అక్కకు తట్టిందో లేదో. ఆమె కళ్ళు మూసుకుని పాడడం మొదలుపెట్టింది. నిజం చెప్తున్నాను, అంత బాగా ఎన్నడూ పాడలేదు. చెరుకు కొట్టేవాళ్ళు కత్తులు పక్కన పెట్టి వచ్చి కూర్చున్నారు. ఒక ముసలాయన కండ్లు తుడుచుకున్నాడు. ఒక పాట కాగానే "శెభాష్" అన్నారు. బాపు "ఇంకోటి" అన్నాడు. అక్క సిగ్గుపడుతూ ఇంకోటి ఎత్తుకుంది.

మొదట్లో "ఇంకోటి" అని వాళ్ళూ అన్నారు. తర్వాత బాపు ఒక్కడే అన్నాడు. మధ్యాహ్నం భోంగ కూసింది. వాళ్ళు సద్ది మూటలు విప్పుకుని తిన్నారు, అక్క పాడుతూనే ఉంది. బాపు తన చేత్తో నీళ్ళు అందించాడు, ప్రేమగానే అందించాడు. "ఇంకోటి బిడ్డా" అన్నాడు. వచ్చిన పాటలన్నీ అయిపోయాయి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. పొగకు దగ్గు వచ్చింది. గొంతు జీరపోయింది. మనుషులు పనికి లేచిపోయారు, వెనక నుంచి ఎవడో "అబ్బ, ఇంకెంతసేపు" అన్నాడు, ఇంకెవడో ఆమె దగ్గును వెక్కిరించి నవ్వాడు. పొద్దున కండ్లు తుడుచుకున్న ముసలాయన ఆవలించాడు. అప్పుడు అక్క కళ్ళు తెరిచి బాపును చూసింది. అర్థమైంది ఆమెకు. ఆ మొహం నేను ఎప్పటికీ మర్చిపోను. బాపు నవ్వుతూ గరిటె తిప్పుతున్నాడు. "ఏం బిడ్డా, సాలా?" అని అడిగాడు. ఆ ఒక్క మాట అంటే అయిపోయేది. అక్క అనలేదు. మళ్ళీ ఎత్తుకుంది. గొంతు చీలి గరగరమంటుంటే కూడా పాడింది. నేను ఏడుస్తూ ఆమె కాళ్ళు పట్టుకున్నాను. చివరికి ఆ ముసలాయనే లేచి, "ఇగ ఇడువు మేస్త్రీ, పాపం తగుల్తది" అన్నాడు. "ఆమెనే అనాలె గద" అన్నాడు బాపు, తాపీగా. పొద్దు గూకేసరికి అక్క నోట్లోంచి గాలి తప్ప ఏమీ రావడం లేదు. పెదవులు మాత్రం కదులుతున్నాయి. బాపు పొయ్యి ఆర్పి, "మంచిది, ఇంటికి పోదాం పా" అన్నాడు. నాలుక మీద పెట్టడానికి చిటికెలో ఉప్పు పట్టుకుని, మళ్ళీ రుమాలు కొంగులో వేసుకున్నాడు. సాలు అనలేదు గదా, పద్ధతి తప్పదు.

ఆ సాయంత్రం అవ్వ అక్క గొంతుకు వేడి గుడ్డ కడుతూ, పెళ్ళయినప్పటి నుంచి బాపుకు ఎదురు చెప్పని మనిషి, ఒక్క మాట అన్నది. "కొట్టినా అయిపోతుండె గదయ్యా. కొడితె రెండు దినాలకు మానిపోతుండె." బాపు నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నేనేమన్ననే? పాడుమన్న, అంతే గద?" అన్నాడు. మర్నాడు సలోమి టీచరమ్మ వచ్చింది. అక్క గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. బాపు అందరి ముందు అడిగాడు. "ఏం బిడ్డా, పోతవా? పాటలు నేర్చుకుంటవా? నీ ఇష్టం." అక్క తల అడ్డంగా ఊపింది. టీచరమ్మ దగ్గరికి వచ్చి గడ్డం పట్టుకుని, "ఎందుకమ్మా, భయమా?" అని అడిగింది. అక్క మళ్ళీ అడ్డంగానే ఊపింది. "సూశిండ్రా టీచరమ్మా, ఆమెకే వద్దట. నేనైతె అడ్డం రాలే" అన్నాడు బాపు. టీచరమ్మ మా వాకిలి దాటి పోతూ రెండుసార్లు వెనక్కి చూసింది. ఈ కథలో నాకు ఆ సలోమి టీచరమ్మ మీద కూడా జాలి ఉంది, మోసపోయింది పాపం.

కొన్నాళ్ళకు అక్క గొంతు వచ్చింది. పాట రాలేదు. బాయి దగ్గర చేద చప్పుడు ఒక్కటే, పొయ్యి దగ్గర రొట్టె చప్పుడు ఒక్కటే. చర్చిలో అందరితో పాటు నిలబడేది, పెదవులు కదిపేది. పక్కన నిలబడిన నాకు తెలుసు, అందులో శబ్దం లేదు. బాపుకు తన పద్ధతి మరోసారి సాగిందని తృప్తి. సంతకు పోతూ "ఏం తేవాలె బిడ్డా?" అని అడిగితే "ఏమొద్దు" అనేది. చీర ఎర్రదా పచ్చదా అంటే "ఏదైనా సరే" అనేది. పెళ్ళికొడుకును చూపిస్తే కూడా "మీ ఇష్టం" అన్నది. "ఎంత బుద్ధిమంతురాలో, ఒక్కటి అడగదు" అని చుట్టాలు మెచ్చుకునేవాళ్ళు. మెచ్చుకోరా మరి! నోరు లేని ఆడపిల్ల కన్నా మంచి ఆడపిల్ల ఈ లోకానికి ఏది? బోధన్‌లో ఫ్యాక్టరీ గేటు దగ్గర పనిచేసే మనిషికి ఇచ్చి చేశారు. మంచివాడే. బిడ్డలు పుట్టారు. జోకొట్టింది గానీ జోలపాట పాడలేదు.

నేను టీచరు ట్రైనింగు అయి నిజామాబాద్‌లో పనిలో చేరాక, ఒకనాడు అక్క ఇంటికి పోయాను. ఇద్దరం వాకిట్లో కూర్చుని చింతకాయ తొక్కు దంచుతున్నాం. పక్కింట్లో రేడియోలో ఎవరో పాడుతున్నారు. నాకు ఎన్నేళ్ళ నుంచో నోటి చివర ఉన్న మాట బయటికొచ్చింది. "ఆనాడు సాలు అంటే అయిపోతుండె గదక్కా. ఎందుకనలే?" అన్నాను. అక్క రోకలి ఆపలేదు. "ఎట్లంటనే చెల్లె? నాకు సాలలే" అన్నది. నాకు అర్థం కాలేదు. "గొంతు పోయింది గని, పాట సాలలే. ఇంకింత పాడబుద్ధయింది. గా పొగల సుత పాడబుద్ధయింది." నా చేతిలో రోకలి ఆగిపోయింది. "మరి తర్వాత ఎందుకు పాడలే?" అన్నాను. "పాడితె ఆయన ఇంటడు గద" అన్నది. కాసేపు దంచి, మళ్ళీ తనే అన్నది. "నాకు ఏది ఇష్టమో ఆయనకు తెల్వనియ్యొద్దు అనుకున్న. తెలిస్తె కడుపు నిండ పెడ్తడు." అంతే, తొక్కులో ఉప్పు సరిపోయిందో లేదో చూడమని వేలికి అంటించి నా నోట్లో పెట్టింది.

అప్పుడు తెలిసింది నాకు, మా బాపు అంత పనిమంతుడై ఉండి ఎక్కడ తప్పు చేశాడో. పెట్టేవాడి మీద కూడా ఎగటు పుడుతుందని ఆయన ఎన్నడూ అనుకోలేదు. బెల్లం తిన్న కూలీలకు బెల్లం మీద పుట్టింది. మా అక్కకు పాట మీద పుట్టలేదు, బాపు మీద పుట్టింది. అది కూడా ఆమె ఆయనను ఎంతో ఇష్టపడింది కాబట్టే. ఆ శనివారం పొద్దున రైక తొడుక్కుని, తల దువ్వుకుని పరుగెత్తిందే, ఆ ఇష్టం.

ఇప్పుడు టీవీలో చిన్నచిన్న ఆడపిల్లలు పాటల పోటీల్లో పాడుతుంటారు. తండ్రులు ముందు వరుసలో కూర్చుని కండ్లు తుడుచుకుంటారు. నేను చూస్తాను, బాగానే ఉంటుంది, సంతోషమే. కానీ ఒక పిల్ల గుక్క తిప్పుకోకుండా పాడుతుంటే, తండ్రి పక్క నుంచి "ఇంకోటి" అన్నట్టు చెయ్యి ఊపుతుంటే, నాకు ఒళ్ళు మండిపోతుంది. టీవీ కట్టేస్తాను. ఆ కాలం ఆడపిల్లను పాడనివ్వలేదు, ఈ కాలం ఆగనివ్వదు. ఏది మేలో నాకు తెలియదు. గానుగ ఉన్న చోట ఇప్పుడు వడ్ల కల్లాలు, బోధన్‌లో భోంగ కూయదు, ఆ వాసన ఎక్కడా లేదు. మా వాళ్ళు మాత్రం ఇప్పటికీ కలిస్తే అదే మాట. "మీ బాపు దేవునసోంటి మనిషమ్మా, ఒక్కనాడు చెయ్యి ఎత్తలే." నేను తల ఊపుతాను. ఏమని చెప్పాలి వాళ్ళకు? నన్ను కన్నవాడే, నాకు పలకా బలపం కొనిచ్చినవాడే. నన్ను చదవనిచ్చాడు కూడా, ఎందుకంటే నాకు చదువంటే ప్రాణమని నేను ఆయన ముందు ఎన్నడూ బయటపడలేదు. అక్కను చూసి నేర్చుకున్నాను. అది నేర్చుకోవాల్సి వచ్చినందుకు కూడా ఆయన మీద నాకు కోపమే.

బాపు మంచం పట్టినప్పుడు అక్కే బోధన్ నుంచి వచ్చి చేసింది. అవ్వ అప్పటికే పోయింది. నాకు బడి. అక్క ఏ లోటూ రానివ్వలేదు. ఒళ్ళు తుడిచింది, జావ తాగించింది, పక్క మార్చింది. మాట మాత్రం పనికి సరిపడా. చివరి రోజుల్లో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక అయ్యగారూ, చర్చివాళ్ళూ ప్రార్థన చేయడానికి వచ్చారు. ఇల్లు నిండిపోయింది. ప్రార్థన అయ్యాక ఒక కీర్తన పాడదామని అయ్యగారు పుస్తకం తెరుస్తుంటే, బాపు చెయ్యి ఎత్తి ఆపాడు. గొంతు పీలగా ఉంది గానీ మాట స్పష్టంగా ఉంది. "మా ఎస్తేరు ఎత్తుకుంటది. మస్తు దినాలైంది దాని పాట ఇని." అందరూ పాతకాలం లాగానే అక్క వైపు తిరిగారు. ఆమె జావ గిన్నె పట్టుకుని మంచం పక్కన నిలబడి ఉంది. బాపు నవ్వాడు. ఆ నవ్వులో ఈసారి ఏ ఉపాయమూ లేదు, ఆ సంగతి నేను ఒప్పుకోవాలి. చచ్చిపోయే మనిషి, నిజంగానే వినాలనుకున్నాడు. "పాడు బిడ్డా, నీ ఇష్టమున్నంత పాడు" అన్నాడు.

అక్క ఆయన మొహంలోకి చూసింది. అందరికీ వినబడేట్టు, ఏ జీరా లేని గొంతుతో అన్నది.

"సాలు బాపు."

అయ్యగారికి అర్థం కాలేదు, ఎవరికీ అర్థం కాలేదు. బాపుకు ఒంట్లో బాగాలేదు గనక వద్దంటున్నదేమో అనుకుని పుస్తకం మూశారు. దుప్పటి కింది నుంచి బాపు కుడి చెయ్యి మెల్లగా బయటికి వచ్చింది. బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికి వచ్చి చిటికె పట్టాయి. ఆయనకు అర్థమైందో, ఆ మాట వినగానే పాత అలవాటు కదిలిందో నాకు తెలియదు. ఆ చెయ్యి అక్క నోటి వైపు లేచింది. వేళ్ళ మధ్య ఉప్పు లేదు, ఏమీ లేదు. అక్క ఆ వేళ్ళనే చూస్తూ నిలబడింది. నోరు తెరవలేదు.